కఠిన వ్యాయామం తర్వాత కండరాల అలసట: జంప్ పరీక్షపై తరచుగా అడిగే ప్రశ్నలు

కబడ్డీ ఆడేవారు, పరుగు పందేలకు తయారయ్యేవారు, పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షల కోసం తెల్లవారకముందే మైదానానికి వచ్చే అభ్యర్థులు, వాళ్లకు తర్ఫీదు ఇచ్చే వ్యాయామ ఉపాధ్యాయులు అందరూ, నిలబడిన చోటి నుంచి పైకి ఎగిరి కండరాల అలసటను తెలుసుకునే పరీక్ష గురించి కొంచెం అటూ ఇటూగా ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే జవాబులు ఒకచోట చేర్చాను. వరుసగా చదవక్కర్లేదు, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఒక్క మాట మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి. మీ జంప్‌ను పోల్చాల్సింది విశ్రాంతిగా ఉన్న రోజున మీరే ఎగిరిన ఎత్తుతో. పక్కవాళ్ల ఎత్తుతో మీకు పని లేదు.

## మొదలుపెట్టే ముందు

ఎంత ఎత్తు ఎగిరానో చూస్తే కండరాలు అలిసిపోయాయని ఎలా తెలుస్తుంది?

నిలబడిన చోటి నుంచి పైకి ఎగరాలంటే తొడలు, పిరుదులు, పిక్కలు రెప్పపాటులో పెద్ద బలాన్ని పుట్టించాలి. అలసిన కండరానికి కష్టమయ్యేది సరిగ్గా ఇదే. నడవడానికి, మెట్లెక్కడానికి కావలసిన బలం అప్పటికీ మిగిలే ఉంటుంది కాబట్టి రోజువారీ పనుల్లో మనకు తేడా తెలియదు. ఎగరమన్నప్పుడు బయటపడుతుంది.

లోపల జరిగేది ఇది. నరం నుంచి సంకేతం అందగానే కండర కణంలో దాచి ఉన్న కాల్షియం విడుదలవుతుంది. ఆ కాల్షియం వల్లే కండరం ముడుచుకుంటుంది. కఠినమైన వ్యాయామం తర్వాత ఒక్కో సంకేతానికి విడుదలయ్యే కాల్షియం తగ్గుతుంది. మెదడు ఎప్పటిలాగే ఆజ్ఞ ఇచ్చినా కాలు ఎప్పటంత బలంగా నేలను తన్నలేదు. ఈ తరహా అలసట కొన్ని గంటల్లో పోవచ్చు, రెండు మూడు రోజులు ఉండిపోనూ వచ్చు. అలసటను తెలుసుకోవడానికి గరిష్ఠ బరువు ఎత్తించి చూడవచ్చు కానీ, ఆ పరీక్షే మనిషిని మరింత అలసిపోయేలా చేస్తుంది. మూడు జంప్‌లతో ఆ ఇబ్బంది లేదు.

ఇది కొత్తగా వచ్చిన పద్ధతా?

కాదు. అమెరికాలోని హార్వర్డ్‌లో చాలా ఏళ్లు వ్యాయామశాలను నడిపిన డడ్లీ సార్జెంట్ 1921లోనే నిలువు జంప్‌ను దేహ పరీక్షగా ప్రతిపాదించారు. గోడ మీద గుర్తు పెట్టే పరీక్షను ఇప్పటికీ సార్జెంట్ జంప్ అనే అంటారు. 1980ల్లో ఇటలీ శాస్త్రవేత్త కార్మెలో బోస్కో, పాదాలు గాలిలో ఉన్న సమయాన్ని కొలిచే చాపతో ఈ పరీక్షకు కొత్త ఊపు తెచ్చారు.

జంప్‌లు చాలా రకాలు చెబుతున్నారు. నేను ఏది చేయాలి?

చేతులు నడుం మీద పెట్టుకుని, నిటారుగా నిలబడి, మోకాళ్లు వంచి చటుక్కున కిందికి దిగి, ఆగకుండా వెంటనే పైకి ఎగిరేది కౌంటర్ మూవ్‌మెంట్ జంప్. ఎక్కువమందికి ఇదే సరైనది. నేర్చుకోవడం తేలిక, ఒక రోజుకూ మరో రోజుకూ ఫలితంలో అనవసరమైన తేడాలు తక్కువ.

మోకాళ్లు వంచిన చోటే రెండు మూడు సెకన్లు కదలకుండా ఆగి, అక్కడి నుంచి ఎగిరేది స్క్వాట్ జంప్. బస్కీలు ఎక్కువగా తీసినప్పుడు, అంటే కండరపు పోగులు దెబ్బతిన్నప్పుడు, ఇది మొదటి రకం కంటే ఎక్కువగా పడిపోతుంది. అయితే ఎగిరే ముందు తెలియకుండానే కొద్దిగా కిందికి దిగేవాళ్లు చాలామంది. అలా దిగితే ఆ కొలత పనికిరాదు. పెట్టె మీద నుంచి దిగి నేల తాకగానే ఎగిరే డ్రాప్ జంప్‌ను కోచ్ దగ్గరుండి చూసే ఆటగాళ్లకే వదిలేయడం మంచిది.

పరికరాలేవీ లేవు. గోడ, సుద్దముక్క సరిపోతాయా?

సరిపోతాయి, కొంత జాగ్రత్త కావాలి. గోడ పక్కన నిలబడి, మడమలు నేలకు ఆనించి, చేయి నిటారుగా చాచి మొదటి గుర్తు పెట్టండి. వేలికి సుద్ద రాసుకుని ఎగిరి రెండో గుర్తు పెట్టండి. రెండింటి మధ్య దూరమే మీ జంప్. తప్పులు ఎక్కువగా మొదటి గుర్తు దగ్గరే జరుగుతాయి. ఒకరోజు భుజం పూర్తిగా పైకి సాగదీసి, ఇంకోరోజు సాగదీయకుండా పెడితే రెండు మూడు సెంటీమీటర్లు అక్కడే మారిపోతాయి. అందుకే మొదటి గుర్తు ఎత్తును ఒకసారి జాగ్రత్తగా కొలిచి పుస్తకంలో రాసుకుని, ఎప్పుడూ దాన్నే వాడండి. ఈ పద్ధతిలో చేయి ఊపు కూడా కలుస్తుంది కాబట్టి చిన్న తేడాలు పట్టుబడవు. పెద్ద పతనాలు మాత్రం తెలుస్తాయి.

ఫోను యాప్‌ను నమ్మవచ్చా?

స్లో మోషన్‌లో తీస్తే నమ్మవచ్చు. స్పెయిన్ పరిశోధకుడు కార్లోస్ బల్సలోబ్రే రూపొందించిన మై జంప్ యాప్‌ను 2015లో ప్రయోగశాలలో నేలను తన్నే బలాన్ని కొలిచే పలకతో, అంటే ఫోర్స్ ప్లేట్‌తో పోల్చి చూస్తే ఫలితాలు చాలా దగ్గరగా వచ్చాయి.

కీలకమంతా సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని విడి చిత్రాలు, తీస్తున్నామన్న దానిలోనే ఉంది. మామూలు వీడియో సెకనుకు 30 ఫ్రేములు. అర సెకను గాలిలో ఉన్న మనిషి విషయంలో ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే ఎత్తులో 4 సెంటీమీటర్ల తేడా వస్తుంది. మనం పట్టుకోవాలనుకునే అలసట కంటే ఈ పొరపాటే పెద్దది. 240 ఫ్రేముల దగ్గర అదే పొరపాటు అర సెంటీమీటరుకు దిగుతుంది. ఫోనును చేత్తో పట్టుకోకుండా ఇటుకకు ఆనించి పాదాల ఎత్తులో పెట్టండి. బొటనవేలు నేలను వదిలిన మొదటి ఫ్రేమునూ, మళ్లీ నేల తాకిన మొదటి ఫ్రేమునూ ప్రతిసారీ ఒకే మనిషి గుర్తిస్తే మరీ మంచిది.

గాలిలో ఉన్న సమయం నుంచి ఎత్తును లెక్క కట్టడం ఎలా?

సమయాన్ని సెకన్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 122.6తో గుణించండి. జవాబు సెంటీమీటర్లలో వస్తుంది. 0.50 సెకన్లకు దాదాపు 30.7 సెంటీమీటర్లు, 0.55కు 37.1, 0.60కు 44.1. ఎగిరినప్పుడూ దిగినప్పుడూ కాళ్లు ఒకేలా చాచి ఉంటేనే ఈ లెక్క సరిపోతుంది. గాలిలో మోకాళ్లు ముడిస్తే పాదాలు ఆలస్యంగా నేల తాకుతాయి, ఎగరని ఎత్తు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

## మీ మామూలు స్థాయిని తెలుసుకోవడం

మొదటి రోజు ఎగిరిన ఎత్తునే ప్రమాణంగా పెట్టుకోవచ్చా?

వద్దు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మొదటి కొన్ని సార్లూ అలవాటు పడటం వల్లే మెరుగవుతారు, దానికి బలంతో సంబంధం లేదు. ముందు రెండు మూడు సార్లు సాధన చేయించి ఆ అంకెలను పక్కన పెట్టండి. తర్వాత, ముందురోజు భారీ వ్యాయామం లేని ఓ నాలుగైదు ఉదయాలు కొలవండి. వాటి సగటు మీ మామూలు స్థాయి. ఆ ఉదయాల్లో వచ్చిన అతి తక్కువకూ అతి ఎక్కువకూ మధ్య ఉన్న దూరాన్ని కూడా రాసుకోండి. అలసట లేకపోయినా మీ జంప్ ఆ మేరకు ఊగిసలాడుతుందని దాని అర్థం.

ఎన్నిసార్లు ఎగరాలి? అన్నింటిలో మంచిదాన్ని తీసుకోవాలా?

మూడుసార్లు, మధ్యలో అర నిమిషం నుంచి నిమిషం వరకు విరామం ఇచ్చి. పోటీలో అయితే మంచిదే లెక్క. అలసటను గమనించడానికి మాత్రం మూడింటి సగటు మేలు. అలసిన మనిషి కూడా ఒక్కసారి కూడదీసుకుని బాగా ఎగరగలడు, మూడుసార్లూ అలా ఎగరడం కష్టం. అనేక పరిశోధనలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలోనూ అత్యుత్తమ జంప్ కంటే సగటే అలసటను బాగా పట్టిస్తుందని తేలింది.

ప్రతిసారీ ఏమేమి ఒకేలా ఉండాలి?

అన్నిటికంటే ముందు, సమయం. శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. అందువల్ల సాయంత్రం జంప్ సహజంగానే కాస్త ఎక్కువ వస్తుంది. ఉదయం అంకెను సాయంత్రం అంకెతో పోల్చి అలసట పోయిందని సంబరపడితే మోసపోతాం.

తర్వాత నేల. సిమెంటు మీద ఒకరోజు, వాన పడిన మట్టి మీద మరోరోజు ఎగిరితే రెండు అంకెలకూ పొంతన ఉండదు. బూట్లు వేసుకుంటే ఎప్పుడూ అవే బూట్లు, వట్టి కాళ్లయితే ఎప్పుడూ వట్టి కాళ్లే. ముందు చేసే వార్మప్ కూడా అంతే. ఐదు నిమిషాల నెమ్మది పరుగు, కొన్ని బస్కీలు, రెండు మూడు తేలిక జంప్‌లు చాలు. కాఫీ తాగి వచ్చారా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు అన్నవి అంకె పక్కనే రాయండి. పక్కన నిలబడి అరిచి ఉత్సాహపరిచే మిత్రుడుంటే, అతను ప్రతిసారీ ఉండాలి, లేదా ఎప్పుడూ ఉండకూడదు.

## వ్యాయామం అయిన తర్వాత

వ్యాయామం ముగిసిన వెంటనే కొలవాలా, మర్నాడా?

మర్నాడు కొలవండి, ఆ తర్వాతి రోజు కూడా కొలవండి. ఎందుకో చెప్పాలంటే అలసట తీరే తీరును కాస్త వివరంగా చూడాలి.

పరుగు, జంప్‌లు, కబడ్డీ లాంటి శ్రమ తర్వాత జంప్ ఎత్తు వెంటనే పడిపోతుంది. ఒకటి రెండు గంటల్లో శక్తి నిల్వలు కొంత కూడుకుని, కండరాల్లో పోగైన వ్యర్థాలు తొలగిపోయి ఎత్తు చాలావరకు తిరిగి వస్తుంది. చాలామంది ఇక్కడే తేరుకున్నామని అనుకుంటారు. నిజానికి దెబ్బతిన్న పోగుల దగ్గర వాపు, మరమ్మతు అప్పుడే మొదలవుతాయి. మర్నాడో ఆ మర్నాడో ఎత్తు రెండోసారి పడుతుంది. ఈ రెండు దశల పతనాన్ని ఫిన్లండ్‌కు చెందిన పావో కోమి, ఆయన సహచరులు విస్తృతంగా పరిశోధించారు.

కాబట్టి ఉదయం గట్టిగా సాధన చేసి, సాయంత్రం జంప్ బాగుందని మళ్లీ అంతే గట్టిగా చేయడం ప్రమాదం. పెద్ద మ్యాచ్ తర్వాత 24, 48, 72 గంటలకు కొలిస్తే మీ శరీరం తేరుకునే తీరు మీకు తెలుస్తుంది. సాధారణంగా రెండు మూడు రోజుల్లో మామూలు స్థాయికి వస్తుంది.

ఒళ్లంతా నొప్పులుగా ఉంది, జంప్ మాత్రం తగ్గలేదు. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. నొప్పి, పనిచేసే శక్తి ఒకదాని వెంట ఒకటి నడవవు. ఆలస్యంగా వచ్చే కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తీవ్రంగా ఉంటుంది. బలం అంతకుముందే తగ్గి ఉండవచ్చు, నొప్పి పోయాక కూడా పూర్తిగా రాకపోవచ్చు. జంప్ బాగుండి నొప్పి ఉంటే తేలికపాటి సాధన చేయవచ్చు. నొప్పి ఒకే చోట, సూదితో పొడిచినట్టు ఉంటే అది వేరు. అప్పుడు జంప్ అంకె చూడకుండా గాయమేమోనని పరీక్ష చేయించుకోండి.

మర్నాటి నొప్పి లాక్టిక్ ఆమ్లం వల్లే కదా?

కాదు. వ్యాయామంలో పెరిగిన లాక్టేట్ సుమారు గంటలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పికి కారణం కండరపు పోగులు, వాటి చుట్టూ ఉన్న పొరలు దెబ్బతిని వాపు రావడం.

అదే సమయం శ్రమించినా కొన్ని వ్యాయామాల తర్వాతే జంప్ బాగా పడిపోతోంది, ఎందుకు?

సాగుతూ బరువు మోసే కండరమే ఎక్కువగా దెబ్బతింటుంది. వాలు దిగుతూ పరుగెత్తడం, కూతకు వెళ్లి చటుక్కున ఆగి వెనక్కి తిరగడం, బరువుతో నెమ్మదిగా కిందికి కూర్చోవడం ఈ కోవలోవి. అలిపిరి మెట్లెక్కి కొండ మీదికి వెళ్లి బస్సులో దిగినవారిని, నడిచే దిగినవారిని మర్నాడు అడిగి చూడండి. ఎక్కేటప్పుడు ఆయాసం ఎక్కువ, తొడలు పట్టేయడం మాత్రం నడిచి దిగినవారికే ఎక్కువ. అదే శ్రమను కొన్ని వారాల్లో మళ్లీ చేస్తే నష్టం బాగా తగ్గుతుంది, కండరం దానికి అలవాటుపడుతుంది. సైకిలు తొక్కడం, ఈదడం లాంటివాటిలో ఈ రకం భారం తక్కువ.

బరువులెత్తిన కొద్ది నిమిషాలకే మామూలుకన్నా ఎక్కువ ఎగిరాను. ఇదెలా సాధ్యం?

తక్కువ సార్లు, ఎక్కువ బరువు ఎత్తినప్పుడు కొన్ని నిమిషాల పాటు కండరం మరింత చురుగ్గా స్పందిస్తుంది. అది తాత్కాలికం. ఆ అంకెను రోజువారీ లెక్కలో రాయకండి.

## అంకెలను చదవడం

ఎంత తగ్గితే అలసట అనుకోవాలి?

అందరికీ వర్తించే గీత లేదు. మీ మామూలు ఊగిసలాట దాటితేనే లెక్కలోకి తీసుకోండి. ఒక ఆటగాడు విశ్రాంతి రోజుల్లో 40 నుంచి 42 సెంటీమీటర్ల మధ్య ఎగురుతాడనుకుందాం, సగటు 41. మ్యాచ్ మర్నాడు 40.2 వస్తే ఏమీ చెప్పలేం, అది అతని మామూలు పరిధిలోదే. 38.5 వస్తే సగటు కంటే 6 శాతం తక్కువ, పరిధికి బాగా బయట. అది అలసటే అయి ఉండే అవకాశం ఎక్కువ. ఇంకొకరు విశ్రాంతి రోజుల్లోనే 36 నుంచి 42 వరకు ఊగుతుంటే ఆ 38.5కు అర్థమే లేదు, ముందు కొలిచే పద్ధతి సరిచేసుకోవాలి.

ఎత్తు తగ్గలేదు, కోచ్ మాత్రం అలిసిపోయావంటున్నారు. ఆయన ఏం చూస్తున్నారు?

ఎగిరే తీరు చూస్తున్నారు. నాకు ఈ పరీక్షలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. అలసిన ఆటగాడు ఎత్తును కాపాడుకోవడానికి తెలియకుండానే దారి మార్చుకుంటాడు. విశ్రాంతిగా ఉన్నప్పుడు చటుక్కున దిగి లేచేవాడు ఇప్పుడు నెమ్మదిగా, మరింత లోతుకు దిగుతాడు. అట్టడుగున ఒక్క క్షణం ఆగినట్టు కనిపిస్తాడు. వీపు ముందుకు వాలుతుంది. దిగేటప్పుడు మునివేళ్లతో మెత్తగా వాలాల్సిన పాదాలు దబ్బుమని మడమలతో సహా పడతాయి, కళ్లు మూసుకున్నా ఆ చప్పుడు తేడా వినిపిస్తుంది.

అంటే అదే ఎత్తుకు ఎక్కువ సమయం ఖర్చు పెడుతున్నాడు. మ్యాచ్‌లో ఆ సమయం దొరకదు. ఫోర్స్ ప్లేట్ ఉన్నచోట ఎత్తును నేల వదలడానికి పట్టిన సమయంతో భాగించి ఈ మార్పును పట్టుకుంటారు. మీ దగ్గర ఫోను ఉంటే, పక్క నుంచి తీసిన స్లో మోషన్ వీడియోలో కదలిక మొదలైన ఫ్రేము నుంచి నేల వదిలిన ఫ్రేము వరకు లెక్కపెట్టండి. విశ్రాంతి రోజు వీడియో పక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

జంప్ తగ్గిన రోజు పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలా?

ఒక్క అంకె చూసి నిర్ణయం తీసుకోకండి. ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ వార్మప్ చేసి ఇంకోసారి కొలవండి. అప్పటికీ తక్కువే ఉంటే నిద్ర, తిండి, నొప్పుల సంగతి కనుక్కోండి. అన్నీ ఒకే వైపు చూపిస్తే ఆ రోజు స్ప్రింట్లు, జంప్‌లు, భారీ బస్కీలు మాని తేలిక పరుగు, మెళకువల సాధన చేయించండి. మైదానానికి రావడం మానాల్సిన పని సాధారణంగా ఉండదు.

రెండు వారాలుగా తగ్గుతూనే ఉంది, విశ్రాంతి ఇచ్చినా పెరగడం లేదు.

రెండు మూడు రోజుల అలసట సాధనలో సహజం. విశ్రాంతికి లొంగనిది సహజం కాదు. సాధన భారం బాగా తగ్గించి, సరిపడా తింటున్నారో లేదో చూసి, వైద్యుడిని కలవండి. రక్తహీనత, జ్వరం తర్వాతి నీరసం, నిద్రలేమి కూడా ఇలాగే కనిపిస్తాయి.

## ప్రత్యేక సందర్భాలు

పోలీసు దేహదారుఢ్య పరీక్షలకు తయారవుతున్నాను. నాకు ఇది ఎలా ఉపయోగం?

1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ ఉన్న పరీక్షకు చివరి పది రోజులు కీలకం. భయం కొద్దీ రోజూ పూర్తి దూరం పరుగెత్తి, అలసిన కాళ్లతో పరీక్షకు వెళ్లే అభ్యర్థులు ఎందరో. నెలల కష్టం అలా వృథా కావడం చూస్తే బాధ కలుగుతుంది. ఆ పది రోజుల్లో వేగం అలాగే ఉంచి దూరాన్ని సగానికి తగ్గించండి, రోజు విడిచి రోజు జంప్ కొలవండి. అంకె మీ మామూలు స్థాయికి చేరిందంటే కాళ్లు తేరుకున్నట్టే. దాన్ని బట్టి 1600 మీటర్లు ఎంత సమయంలో పరుగెత్తుతారో మాత్రం చెప్పలేం, ఆ పరుగు గుండె, ఊపిరితిత్తుల సత్తా మీద ఆధారపడుతుంది. ఎండాకాలంలో ఇంకో మెలిక ఉంది. చెమటతో ఒంటి బరువు తగ్గితే అలసట ఉన్నా జంప్ తగ్గకపోవచ్చు. బరువు కూడా చూసుకుని రాసుకోండి.

నేను ఫాస్ట్ బౌలర్‌ని. భుజం అలసట కూడా తెలుస్తుందా?

తెలియదు. ఈ పరీక్ష కాళ్ల గురించే చెబుతుంది. భుజం, నడుం సంగతి విడిగా చూసుకోవాలి.

బడి పిల్లలతో చేయించవచ్చా?

చేయించవచ్చు, ఆటలా చేస్తారు. ఎదిగే వయసులో మామూలు స్థాయే మారిపోతుంటుంది కాబట్టి నెలకోసారి దాన్ని కొత్తగా లెక్కించాలి. పోయిన ఏడాది అంకెతో పోల్చకండి.

మోకాలి నొప్పి ఉంది, నెమ్మదిగా ఎగరవచ్చా?

వద్దు. నొప్పి భయంతో తక్కువ ఎగురుతారు, అది అలసట కొలత కాదు. పైగా దిగేటప్పుడు పడే భారం మోకాలికి మంచిది కాదు. తగ్గేవరకు నిద్ర, నొప్పి, ఉదయం లేవగానే నాడి వేగం రాసుకోండి.

జట్టులో అందరి అంకెలూ బోర్డు మీద రాస్తే పోటీ పెరుగుతుంది కదా?

దయచేసి రాయకండి. అంకె తగ్గితే జట్టులో చోటు పోతుందని భయం పుడితే, ఆటగాళ్లు ప్రమాణం కొలిచే రోజుల్లో కావాలని తక్కువ ఎగరడం మొదలుపెడతారు. అప్పటి నుంచి ఏ అంకెనూ నమ్మలేం. ఎవరి అంకె వారికి, కోచ్‌కు తెలిస్తే చాలు.

ఏ లక్షణాలు కనిపిస్తే జంప్ సంగతి వదిలేసి ఆసుపత్రికి వెళ్లాలి?

చాలా రోజుల విరామం తర్వాత ఒక్కసారిగా వందల కొద్దీ బస్కీలు తీసినవారిలో, ఎండలో అతిగా శ్రమించినవారిలో కండరాలు తీవ్రంగా దెబ్బతిని, వాటిలోని పదార్థాలు రక్తంలోకి చేరి మూత్రపిండాలకు ముప్పు తెస్తాయి. మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, తొడలు వాచి బిగుసుకుపోవడం, కాలు కదపలేనంత నీరసం దీని లక్షణాలు. వీటిలో ఏది కనిపించినా, ముఖ్యంగా మూత్రం రంగు మారితే, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఏ వ్యాయామం, ఎంత చేశారో వైద్యుడికి స్పష్టంగా చెప్పండి. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకండి, వాటిలో కొన్ని మూత్రపిండాలకు మరింత భారమవుతాయి.